రెండు గీతలు ముందుకు

నేను ఒక పళ్ళ చక్రాన్ని. అలా అనగానే సైకిలు గొలుసు కింద తిరిగేదో, చెరకు రసం మిషనులోదో అనుకునేరు, కాస్త ఆగండి! నేను రేసు కారు ఇంజిను నెత్తిమీద కూర్చునే క్యామ్ పుల్లీని. అందులోనూ సర్దుబాటు రకాన్ని. ఈ మాట కొంచెం గర్వంగానే చెబుతున్నాను, ఏమనుకున్నా సరే.

ఇంజినుకు కూడా ఊపిరి ఉంటుందండీ. గాలి పీల్చడానికి ఒక తలుపు, పొగ వదలడానికి ఇంకో తలుపు. వాటినే వాల్వులంటారు. వాటిని వేళకు తట్టి లేపేది క్యామ్ షాఫ్టు అనే గుబ్బల కడ్డీ. ఆ కడ్డీ చివర నేనుంటాను. నా పళ్ళమీద బెల్టు ఉంటుంది. కింద ఇంజిను తిరిగితే బెల్టు లాగుతుంది, నేను తిరుగుతాను, తలుపులు తెరుచుకుంటాయి. కంపెనీ వాళ్ళు బిగించే పుల్లీ ఒకే ముక్క. పుట్టినప్పుడు ఏ వేళకు తలుపు తెరవమని చెప్పారో, చచ్చేదాకా ఆ వేళకే తెరుస్తుంది. ఆఫీసు గుమాస్తా బతుకు!

నేనలా కాదు. నేను రెండు ముక్కలు. బయట పళ్ళ రింగు, లోపల బొడ్డు, రెంటినీ కలిపి పట్టే బోల్టులు. బోల్టులు వదులు చేసి బొడ్డును పిసరంత జరిపితే చాలు, ఆ తలుపు కాస్త త్వరగానో కాస్త ఆలస్యంగానో తెరుచుకుంటుంది. త్వరగా తెరిస్తే మూల తిరిగి లేచేటప్పుడు బండి గుంజుకుని పోతుంది. ఆలస్యంగా తెరిస్తే మూలలో నీరసపడుతుంది గానీ, తిన్నటి దారి చివర ఇంజిను గొంతు చించుకునే చోట దూసుకుపోతుంది. రెండూ ఒకేసారి కావాలంటే మాత్రం నన్నడక్కండి, నా వల్ల కాదు.

నేను పుట్టింది విజయవాడ ఆటోనగర్లో, మస్తాన్ వలీ లేతు షెడ్డులో. అంతకుముందు ఆయన చేతిమీద పుట్టినవన్నీ లారీ పిన్నులు, బుష్షులు, ట్రాక్టరు సామాన్లు. బరువైన జాతి. నాలాంటి తేలికపాటి అల్యూమినియం ముద్ద ఆయన బల్ల ఎక్కడం అదే మొదటిసారి. చేతిలో ఎగరేసి చూసి, "ఇదేందిరా, చేగోడీ అంత బరువు కూడా లేదు. ఇది ఇంజిన్ని తిప్పుద్దా?" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. ఇంకా ఆకారమైనా రాలేదు, అప్పుడే వెక్కిరింత!

నన్ను చేయించడానికి వచ్చిన వాడు సుభానీ. ఇంజిన్ల మెకానిక్కు, మస్తాన్ వలీకి మేనల్లుడు, ముప్పై అయిదేళ్ళ మనిషి. చిన్నప్పటి నుంచి లారీ మేస్త్రీల దగ్గర పని నేర్చి, తర్వాత కార్లకు, ఆ తర్వాత వేగంగా పోయే కార్లకు మరిగాడు. మరగడమంటే మరగడమే, భోజనం చేస్తూ కూడా పళ్ళెంలో చారుతో ఇంజిను బొమ్మ గీసేవాడు. నన్ను చెక్కుతున్నంతసేపూ పక్కనే నిలబడి మేనమామ ప్రాణం తీశాడు. చివరికి నా బొడ్డుమీద సున్నా గీత, దానికి అటూ ఇటూ సన్నటి గీతలు గీసేటప్పుడు ఇలా అన్నాడు.

"మామూ, త్వరగా తెరిచే పక్క 'అడ్వాన్స్' అని, ఆలస్యం పక్క 'రిటార్డ్' అని ఏదో ఒక అక్షరం కొట్టు."

"గీతలు కనపడతన్నాయి గదా. ఎటు తిప్పాలో తిప్పేవాడికి తెలవదా? లారీ పిన్నుకి పేరు రాసుకుంటామా ఏంది? పో, పో."

అక్షరం పడలేదు. మొండి మొహంతోనే నేను లోకంలోకి వచ్చాను. ఆ మాత్రం అక్షరం పడి ఉంటే ఈ కథ మీకు చెప్పే పనే ఉండేది కాదు.

ఇక నా యజమానురాలి సంగతి. ఆవిడ పేరు వింధ్యావళి. బెంజి సర్కిలు దగ్గర డ్రైవింగు స్కూలు నడుపుతుంది. నలభై అయిదు దాటిన మనిషి, గట్టి గొంతు, నడినెత్తిన ముడి. పొద్దున ఆరింటి నుంచి ఎడమ సీట్లో కూర్చుని "క్లచ్చు! క్లచ్చు తొక్కండి! అది బ్రేకండీ బాబూ!" అని అరవడమే ఆవిడ ఉద్యోగం. సగం విజయవాడకు కారు నేర్పింది ఆవిడే. ఇంత చేసీ రోజంతా ఆవిడ చూసేది రెండో గేరు, మరీ ధైర్యం వస్తే మూడో గేరు.

అలాంటి మనిషి ఇంటి షెడ్డులో ఏముందనుకుంటున్నారు? ఎర్రటి రెండు సీట్ల జపాను స్పోర్ట్సు కారు! నేలకు ఆనుకున్నట్టుంటుంది. ఇంజిను ముందు ఉండదు, సీట్ల వెనక ఉంటుంది. ఎవరో సినిమాల మనిషి హైదరాబాదులో గుద్దేసి వదిలేసిన బండిని తెచ్చి, సుభానీతో కలిసి ఏళ్ళ తరబడి బాగు చేసుకుంది. ప్రతి ఏడూ చెన్నై అవతల ఉన్న రేసు ట్రాకుకు తీసుకెళుతుంది. శనివారం అందరూ కలిసే ట్రాకు ఎక్కుతారు గానీ పోటీ గడియారంతోనే, ఎవరి రౌండు ఎంత త్వరగా అయిందో చూసి బోర్డుమీద వరసగా పేర్లు వేస్తారు. బోర్డులో ఒకచోట ఎర్ర గీత ఉంటుంది. గీతకు పైనున్న వాళ్ళకే ఆదివారం రేసు. వింధ్యావళి పేరు ఎప్పుడూ ఆ గీతకు కిందే. ఎంతో కింద కాదు, గీతకు తల తగిలేంత కింద. అదే ఆవిడ కడుపు మంట.

పైగా ఆ ఏడాదితో పాత ఇంజిన్ల విభాగం ఎత్తేస్తున్నామని నిర్వాహకులు చెప్పేశారు. ఇక పోతే పోయినట్టే. సుభానీ షెడ్డులో టీ గ్లాసు పట్టుకుని ఆవిడ చెప్పిన మాట నేను స్వయంగా విన్నాను.

"గెలవాలని లేదు సుభానీ. ఆఖరి వరసైనా సరే. రేసు మొదలవుతూ ఆ ఎర్ర లైట్లు ఆరిపోయేటప్పుడు అందరితో పాటు నేను కూడా అక్కడ నిలబడాలి. ఒక్కసారి. నేను నేర్పిన వాళ్ళందరూ ఎక్కడెక్కడికో పోయారు, నేనేమో బెంజి సర్కిలు చుట్టూ ప్రదక్షిణాలు చేస్తున్నా."

సుభానీ బల్లమీద సామాన్లు పరిచి ఆవిడకు దారులు చూపించాడు. "ఇదక్కా, కంపెనీ పుల్లీ. దీన్ని బతిమాలినా జరగదు. ఇదేమో వంకర కీ. పుల్లీని షాఫ్టుకు పట్టి ఉంచే ముక్కని కొంచెం పక్కకి కోసి పెడతారు. చౌక. కానీ మార్చాలంటే మళ్ళీ మొత్తం ఊడదియ్యాలి, ట్రాకు దగ్గర కుదరదు. కంప్యూటరు తిప్పేది ఇంకోటుంది. నడుస్తా నడుస్తా దానంతటదే ముందుకీ వెనక్కీ జరుగుద్ది. అది పెట్టాలంటే ఇంజిను తలకాయే మార్చాలి. ఇదుగో, మస్తాన్ మామూ చేసింది. నాలుగు బోల్టులు వదులు చేస్తే చాలు, నిలబడ్డ చోటే సర్దుకోవచ్చు."

ఆవిడ నన్ను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది. "ఇదే పెట్టు" అంది. ఆహా! ఆ క్షణం నా పళ్ళు జివ్వుమన్నాయి. కంపెనీ పుల్లీ మొహం చూడాల్సింది. దాన్ని విప్పి పాత గుడ్డలో చుట్టి సామాన్ల పెట్టెలో పడేశారు. ఆ ముసలిదాన్ని చూసి నేను నవ్వుకున్నాను, అబద్ధం ఎందుకు.

బిగించాక సుభానీ ఆవిడను పక్కన నిలబెట్టుకుని చూపించాడు. "చూడక్కా, నా వేలు చూడు. పైనున్న ఈ గీత బండి ముక్కు వైపు జరిగితే తలుపు త్వరగా తెరుచుకున్నట్టు. తోక వైపు జరిగితే ఆలస్యం." ఆవిడ తల ఊపింది. రోజంతా కారు ముక్కునే చూస్తూ బతికే మనిషి కదా, ముక్కు వైపంటే ముందుకు అని మనసులో రాసేసుకుంది. మరి సుభానీ? అతను పెరిగింది లారీ మేస్త్రీల దగ్గర. అక్కడ బల్ల దగ్గర పని చేసేవాడికి ముందుకు అంటే తన ముందుకు, తన వైపుకు. అటు వైపు పోయేదాన్ని అవతలికి అంటారు. ఒక్క మాటకు ఇద్దరి దగ్గరా రెండు అర్థాలున్నాయి. ఆ సంగతి ఇద్దరికీ తెలియదు. నాకూ తెలియదు, నిజంగా!

చెన్నై అవతలి ట్రాకు. శనివారం మధ్యాహ్నం. అబ్బబ్బ, ఆ చప్పుడు! ఆ రబ్బరు కాలిన వాసన! ఆటోనగర్లో పుట్టినదాన్ని, చప్పుడుకు భయపడే రకం కాదు. అయినా ఆ ఇంజిన్లన్నీ ఒక్కసారి గొంతెత్తేసరికి నా నాలుగు బోల్టులూ ఉన్నాయో లేదో ఒకసారి లెక్కపెట్టుకున్నాను. పక్క గుడారంలో ఒక హైదరాబాదు కుర్రాడు ల్యాపుటాపు ఒళ్ళో పెట్టుకుని కంప్యూటరుతో తన క్యామ్ సర్దుకుంటున్నాడు. మా దగ్గరేమో సుభానీ, అతని పానాల సంచి, ఒక నీళ్ళ డబ్బా. అంతే మా దళం.

పచ్చ జెండా ఊపారు. వింధ్యావళి బయటికి తీసింది. మొదటి రౌండు ఒళ్ళు వేడెక్కడానికే సరిపోయింది. రెండో రౌండు నుంచి ఆవిడ అసలు రూపం చూశాను. బెంజి సర్కిలు దగ్గర "మెల్లగా, మెల్లగా" అనే మనిషేనా ఈవిడ! మూల మూలకూ బండిని ఒరిసేంత దగ్గరగా తీసుకెళుతోంది. నేను బెల్టు పట్టుకుని గిర్రున తిరుగుతున్నాను. కానీ చిక్కు ఒకటుంది. మూల తిరిగి యాక్సిలరేటరు తొక్కినప్పుడల్లా బండి ఒక్క లిప్త తటపటాయిస్తోంది. ఆ లిప్తలోనే పక్కవాళ్ళు దాటిపోతున్నారు. ఆవిడకు అర్థమైంది. బండిని లోపలికి తెచ్చి గుడారం ముందు ఆపింది. బోర్డుమీద ఆవిడ పేరు ఎర్ర గీతకు ఒక్క మెట్టు కింద ఉంది.

సీటు బెల్టులన్నీ కట్టుకుని, హెల్మెట్టు పెట్టుకుని ఉందేమో, దిగే వీలు లేదు. కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి రెండు వేళ్ళు చూపించింది.

"సుభానీ! రెండు గీతలు ముందుకెయ్!"

"ముందుకేగా అక్కా?"

"ఆఁ, ముందుకే! తొందరగా!"

సుభానీ బండి వెనక నిలబడి ఇంజిను మూత ఎత్తాడు. బోల్టులు వదులు చేశాడు. పానా పట్టుకుని నా బొడ్డును రెండు గీతలు ముందుకు జరిపాడు. ముందుకంటే తన ముందుకు. తన పొట్ట వైపుకు. అంటే బండి తోక వైపుకు!

ఓరి నాయనో! నేను గోలపెట్టాను. అటు కాదయ్యా, అటు కాదు! మనకు నోరుంటే కదా. చకచకా బోల్టులు బిగించేశాడు, మూత దభీమని వేశాడు, బండిమీద చరిచాడు. "పోనీ అక్కా!" అసలు విషయమేంటంటే, ముందు రౌండులో తిన్నటి దారి చివర ఒక బండి ఆవిణ్ణి దాటిపోవడం అతను ట్రాకు పక్క గోడ దగ్గర నుంచి చూశాడు. దానికోసమే సర్దమంటోంది కాబోలు అనుకున్నాడు. తిన్నటి దారిలో వేగం కావాలంటే తోక వైపే తిప్పాలి. అతని లెక్కలో తప్పేమీ లేదు. ఆవిడ లెక్కలోనూ తప్పు లేదు. నా బతుకు మాత్రం రెంటి మధ్యా నలిగింది.

తర్వాతి రౌండు గురించి ఏం చెప్పమంటారు! మొదటి మూల తిరిగి ఆవిడ కాలు తొక్కింది. బండి లేవనంటే లేవనంది. నేను తలుపును ఆలస్యంగా తెరుస్తుంటే గాలి ఎక్కడి నుంచి వస్తుంది? "ఏమైందే నీకు? ఏమైందే!" అని హెల్మెట్టులో ఆవిడ అరుస్తోంది. నాకు ఏడుపొచ్చినంత పనైంది. తిన్నటి దారి వచ్చేసరికి మాత్రం రివ్వున ఎగిరాం, నేనూ నా సత్తా చూపించాను. కానీ అంతకుముందు మూలల్లో పోయినదంతా ఆ ఒక్క దారిలో ఎలా వస్తుంది? ఈలోగా మిగతావాళ్ళు తమ రౌండ్లు మెరుగు చేసుకున్నారు, బోర్డుమీద ఆవిడ పేరు ఇంకా రెండు మెట్లు దిగింది.

మళ్ళీ లోపలికొచ్చింది. ఈసారి బెల్టులు విప్పి, హెల్మెట్టు పీకి, అగ్గిమీద గుగ్గిలంలా దిగింది.

"ఏం చేశావు సుభానీ? బండి చచ్చిపోయింది!"

"నువ్వు చెప్పిందే చేశానక్కా. ముందుకెయ్యమన్నావు, ముందుకేశా."

"ఏసుంటే మూలలో ఎందుకు లేవట్లేదు?"

"మూలలోనా? నువ్వు అడిగింది తిన్నటి దారి కోసం కాదా?"

"అదెవరు చెప్పారు నీకు? ముందుకెయ్యమంటే ఎటేశావసలు?"

సుభానీ పానాతో చూపించాడు. "ఇదుగో. ముందుకి."

"అది వెనక్కి!"

"ఇది వెనకెట్టా అవుద్దక్కా? నా ముందుకొస్తే ముందుకేగా?"

"నీ ముందుకెవడు రమ్మన్నాడయ్యా! బండి ముందుకి! ముక్కు వైపుకి! నువ్వే కదా చెప్పావు!"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పక్క గుడారంలో కుర్రాడు ల్యాపుటాపు మూసి మరీ చూస్తున్నాడు. ఆవిడకు కోపం వచ్చి, ఆ వెంటనే నవ్వొచ్చి, ఆ నవ్వులోంచే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇన్నేళ్ళు ఎదురుచూసి ఒక్క మాట దగ్గర బోర్లా పడటమంటే మామూలా? సుభానీ మొహం నల్లబడిపోయింది. తల బాదుకున్నాడు.

"టైమెంత ఉంది?" అంది ఆవిడ.

"జెండా ఊపేలోపు ఒక్క రౌండు పడుద్దేమో. అది కూడా ఇప్పుడే పోతే."

"అయితే విను. ముందు లేదు, వెనక లేదు, ఆ మాటలు ఇవాళ్టికి వద్దు. తొందర, నిదానం. తలుపు తొందరగా తెరవాలి. తొందర వైపుకి నాలుగు గీతలు. ఇప్పుడున్న చోటు నుంచి. అర్థమైందా?"

"తొందర నాలుగు. అయింది."

ఆవిడ అంతటితో వదల్లేదు. ఇంజిను మీదికి వంగి, తన వేలు నా పక్కన పెట్టి, ఎటు తిప్పాలో చూపించింది. నేను కాలిపోతున్నాను. వేలు చురుక్కుమన్నా తీయలేదు. సుభానీ బోల్టులు వదులు చేసి, నా బొడ్డును ముక్కు వైపుకు జరిపాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. అమ్మయ్య! సరిగ్గా కుదురుకున్నాను. ఇక బిగించడమే. మొదటి బోల్టు బిగిసింది. రెండోది, మూడోది. నాలుగో దాని దగ్గర అతని చెయ్యి కంగారుపడింది. ఒంట్లో వేడికి నేను మెత్తబడి ఉన్నానో ఏమో, అతను అంత బలంగా తిప్పేసరికి కటుక్కుమని నా లోపలి మర ఊడిపోయింది. బోల్టు ఊరికే తిరుగుతోంది.

నొప్పి సంగతి తర్వాత. నాకు ముందు భయం వేసింది. మిగిలిన మూడు బోల్టులతో అంత వేగానికి నేను ఆగకపోతే బొడ్డు జారుతుంది. జారితే తలుపులు వేళ తప్పుతాయి. వేళ తప్పి తెరిచిన తలుపును కింద నుంచి పిస్టను వచ్చి గుద్దుతుంది. అంతే. ఇంజిను పొట్టలో ఏదీ మిగలదు.

"అక్కా." సుభానీ పానా కింద పెట్టాడు. "ఒక బోల్టు మర పోయింది. మూడే ఉన్నాయి. ఆగితే ఆగుద్ది. జారిందంటే ఇంజిను పోద్ది. నేను వెళ్ళమని చెప్పలేను, ఒద్దని కూడా చెప్పలేను."

ఆవిడ అప్పటికే హెల్మెట్టు తలమీదికి లాక్కుంటోంది. "ఇక్కడ ఆపేసి బండిని జాగ్రత్తగా ఇంటికి తీసుకెళ్ళి ఏం చేసుకోను? మూత వెయ్యి."

వేశాడు. పోయాం!

చెప్పలేనండీ ఆ రౌండు, నా వల్ల కాదు, అయినా చెబుతాను. లెక్కకు రాని బయటి రౌండు చుట్టి మొదలు గీత దాటుతున్నప్పుడు దూరంగా గళ్ళ జెండా పట్టుకున్న మనిషి మెట్లెక్కుతున్నాడు. అదే ఆఖరి రౌండు. మొదటి మూల. ఆవిడ బ్రేకు తొక్కి, ఒరిగి, మూల మధ్యలో ఉండగానే కాలు మళ్ళీ యాక్సిలరేటరు మీద వేసింది. తలుపు తెరిచాను. తొందరగా! గుప్పున గాలి లోపలికి పోయింది, బండి లేడిపిల్లలా ఎగిరింది! "అద్దీ!" అని ఆవిడ అరిచింది. రెండో మూల, మళ్ళీ ఎగురు. మూడో మూల. మర పోయిన బోల్టు నా కంతలో లబలబ కొట్టుకుంటోంది. మిగిలిన మూడూ పళ్ళు బిగించి పట్టుకున్నాయి. జారకు, జారకు, జారకు, అని నాకు నేనే చెప్పుకుంటున్నాను. తిన్నటి దారిలో వేగం కాస్త తగ్గింది, అది ఇచ్చి ఇది కొన్నాం కదా. చివరి మూలలో ఆవిడ చేసిన పని చూసి నాకే మతిపోయింది. అందరూ బ్రేకు వేసే చోట వేయలేదు. ఇంకా ముందుకెళ్ళి, ఇక గడ్డిలోకి పోతామనుకున్న చోట వేసి, మెలితిప్పి, బయటికి లాగింది. గీత దాటాం. జెండా ఊగింది.

జారలేదు. నేను జారలేదు!

బోర్డుమీద పేర్లు కదిలాయి. ఒకటి దిగింది, ఇంకోటి దిగింది, మూడోది కూడా దిగింది. ఎర్ర గీతకు సరిగ్గా పైన, అన్నిటికన్నా ఆఖరున, వింధ్యావళి పేరు వచ్చి కూర్చుంది. సుభానీ గోడమీద నుంచి దూకి పరిగెత్తుకొచ్చాడు. ఆవిడ బండి దిగి, నలభై అయిదు దాటిన మనిషి, ఆ రోడ్డుమీదే గెంతులేసింది. పక్క గుడారం కుర్రాడు కూడా వచ్చి చప్పట్లు కొట్టాడు. "ఆంటీ, మీ దగ్గర ఏం సాఫ్టువేరండీ?" అని అడిగాడు. ఆవిడ సుభానీని చూపించి పగలబడి నవ్వింది. నేనైతే ఉబ్బి తబ్బిబ్బయ్యాను. మూడు బోల్టులతో ఒక మనిషి కలను మోసుకొచ్చానంటే మాటలా? రేపటి రేసులో నా ప్రతాపం చూడండి అనుకుంటూ కూర్చున్నాను.

ఆదివారం పొద్దున సుభానీ వచ్చి నన్ను విప్పడం మొదలుపెట్టాడు.

"ఏం చేస్తున్నావు?" అంది వింధ్యావళి.

"ఒక్క రౌండంటే ఆగింది గానీ, రేసంతా ఆగదక్కా. పాతది పెడతన్నా."

"దీంతోనే వచ్చాను, దీంతోనే పోతాను. పాతదానితో మూలలో లేవదు కదా!"

"లేవదు. కానీ ఆగిపోదు. నువ్వు అడిగిందేంది? లైట్లు ఆరేటప్పుడు నిలబడాలన్నావు. నిలబడి, సగంలో ఇంజిను పేలి, బండిని తాడుతో లాగించుకుని వస్తావా?"

ఆవిడ నన్నూ ట్రాకునూ మార్చి మార్చి చూసింది. ఆ కాసేపట్లో నేను ఎన్ని మొక్కులు మొక్కుకున్నానో. చివరికి నన్ను అతని చేతిలోంచి తీసుకుంది. మసిని చీర కొంగుతో తుడిచే అలవాటు కొద్దీ ఒంటిమీద రేసు సూటు ఉందని మరిచిపోయి కొంగు కోసం వెతుక్కుంది, దొరక్క అరచేత్తోనే తుడిచింది. "నీకు చాలా థాంక్సే" అని మెల్లగా అని, నన్ను గోడమీద పెట్టింది. గుడ్డలోంచి ఆ ముసలి కంపెనీ పుల్లీని తీసి నా చోట బిగించారు. కుళ్ళుకున్నాను. పని నాది, పీట దానిది!

వరసగా బళ్ళు నిలిచాయి. అన్నిటికన్నా వెనక మా ఎర్ర బండి. పైన ఎర్ర లైట్లు ఒక్కొక్కటీ వెలిగాయి. గోడ దగ్గర సుభానీ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నన్ను పట్టుకున్నాడు. లైట్లు ఆరాయి.

ఆవిడ క్లచ్చు వదిలిన తీరు చూశారా! ముందు వరసలో ఒక బండి టైర్లు కాలుస్తూ అక్కడే తిరిగింది, ఇంకోటి ఎగిరెగిరి పడింది. వింధ్యావళి బండి మాత్రం వెన్నలో వేలు దిగినట్టు కదిలింది. ఏళ్ళ తరబడి ఊరందరికీ క్లచ్చు నేర్పిన కాలు అది. మొదటి మూలకు చేరకముందే రెండు బళ్ళు ఆవిడ వెనక ఉన్నాయి. నేను లేకుండా! ఆ ముసలి పుల్లీతో! నిన్నటి నుంచి ఆ వేగమంతా నాదేనని ఉబ్బిపోయాను కదా! సిగ్గేసింది. ఆ సిగ్గును తోసుకుని సంతోషం పొంగింది. "పో! పో! పో!" అని అరిచినంత పని చేశాను.

తిన్నటి దారిలోకి బళ్ళు వచ్చినప్పుడల్లా ఒక్కో దళం వాళ్ళు గోడమీద నుంచి తమ వాళ్ళకు బోర్డులు చూపిస్తారు. ముందెవరు, వెనకెవరు, ఎంత దూరం, అన్నీ వాటిమీద ఉంటాయి. మాకు బోర్డు లేదు. దాని సంగతి ఇద్దరిలో ఎవరికీ తోచలేదు. రేసు వరకు వస్తామని ఎవరనుకున్నారు కనుక? ఎర్ర బండి అల్లంత దూరాన కనబడేసరికి సుభానీ ఏం చేయాలో పాలుపోక, చేతిలో ఉన్న నన్నే పట్టుకుని గోడమీదుగా పైకెత్తాడు. ఎండకు నేను తళుక్కుమన్నాను. వింధ్యావళి చూసింది. స్టీరింగు మీద నుంచి ఒక వేలు లేపింది. రయ్యిమని వెళ్ళిపోయింది.

తర్వాతి రౌండులోనూ ఎత్తాడు. ఆ తర్వాతి రౌండులోనూ. ఒక్కోసారి ఆవిడ వెనక ఒక బండి ఎక్కువైంది, ఒక్కోసారి ఒకటి తగ్గింది. ప్రతిసారీ ఆ వేలు మాత్రం లేచింది. ఆ మధ్యాహ్నం నేను ఏ తలుపూ తెరవలేదు. గళ్ళ జెండా ఊగేదాకా, చేతులు లాగేస్తున్నా దించకుండా, సుభానీ నన్ను పైకెత్తి పట్టుకునే ఉన్నాడు.